తాళంచెవి మోసే చిన్న పెట్టె

బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "తాళాలు నా దగ్గరున్నాయి, రేపు సెలవు పెట్టడం కుదరదు." పెళ్లికి వెళ్లాలన్నా, పిల్లవాడికి జ్వరమొచ్చినా ముందు ఆ తాళాలు మరొకరికి అప్పగించాలి, రిజిస్టరులో ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇంట్లోవాళ్లకు ఇది కాస్త విసుగ్గానే ఉంటుంది. కానీ స్ట్రాంగ్ రూము తలుపు ఎంత మందమో, ఉక్కు ఎంత గట్టిదో బిగించిననాడు ఒకసారి చూసుకుంటే చాలు. తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం రోజూ చూసుకోవాలి.

సైన్యంలోనూ ఇలా తాళంచెవుల బాధ్యత మోసేవాళ్లు ఉంటారు. వాళ్ల తాళంచెవులు అంకెల వరుసలు. సైనికుల రేడియో మాటలు శత్రువుకు అర్థం కాకుండా చేసేవి ఆ అంకెలే. వాటిని భద్రంగా తీసుకెళ్లి ఒక్కో రేడియోలోకి ఎక్కించడానికి చేతిలో పట్టేంత పరికరాలు ఉన్నాయి. ఇంగ్లీషులో ఫిల్ డివైస్ అంటారు, నింపే పరికరం అని అర్థం. యుద్ధం సినిమాల్లో రేడియో పట్టుకుని కేకలు వేసే సైనికుణ్ణి చూస్తాం గానీ, ఆ పొద్దున అతని రేడియోకు ఈ పెట్టె తగిలించి వెళ్లిన మనిషిని ఏ దర్శకుడూ చూపించడు. ఆ మనిషి పని చెడితే ఏమవుతుందో అమెరికా నౌకాదళానికి పదిహేడేళ్ల పాటు తెలియకుండానే జరిగింది. ఆ కథ కూడా ఇందులో ఉంది.

అమెరికా ఉదాహరణలే ఎక్కువగా వస్తాయని ముందే చెప్పాలి. పాతబడిన పరికరాల గురించి, జరిగిన నష్టాల గురించి అక్కడ చాలా సమాచారం బహిరంగమైంది. మన దేశం సంగతి చివర్లో చూద్దాం.

దాచాల్సింది ఏమిటి?

రేడియోలో మాట్లాడటమంటే ఊరి నడిబొడ్డున నిలబడి గట్టిగా చెప్పడమే. మనవాడికి వినిపించే మాట పగవాడికీ వినిపిస్తుంది. వినకుండా ఆపలేం కాబట్టి, విన్నా అర్థం కాకుండా చేయాలి.

అది ఎలాగో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పంపాల్సిన సంఖ్య 4829 అనుకోండి. మనకూ అవతలివాళ్లకూ మాత్రమే తెలిసిన రహస్య సంఖ్య 6175. ఏ అంకెకు ఆ అంకె కలిపి, పక్కకు మోయాల్సిన ఒకట్లను వదిలేద్దాం. 4కు 6 కలిపితే 10, సున్నా రాసుకుంటాం. 8కి 1 కలిపితే 9. 2కు 7 కలిపితే 9. 9కి 5 కలిపితే 14, నాలుగు రాసుకుంటాం. గాల్లోకి వెళ్లేది 0994. రహస్య సంఖ్య ఉన్నవాడు అదే పద్ధతిలో వెనక్కి తీసేస్తే 4829 వస్తుంది. అది లేనివాడికి 0994 వెనక ఏ నాలుగంకెల సంఖ్య అయినా ఉండొచ్చు. ఇంట్లో పిల్లలతో ఒకసారి చేయించి చూడండి, సరదాగా ఉంటుంది.

సైన్యపు రేడియో చేసేది సూక్ష్మంగా ఇదే. మాటను ముందు సున్నాలు, ఒకట్లుగా మారుస్తుంది. 1970ల్లో వచ్చిన విన్సన్ అనే అమెరికన్ పరికరాల్లో ఒక్క సెకను మాట 16,000 సున్నాలు, ఒకట్లు అయ్యేది. రహస్య సంఖ్య ఆధారంగా యంత్రం మరో పొడవాటి వరుసను పుట్టించి దానికి కలుపుతుంది. అవతలి రేడియోలో అదే రహస్య సంఖ్య ఉంటే అదే వరుస పుట్టి, మాట విడివడుతుంది. లేకపోతే రేకుల షెడ్డు మీద వాన పడుతున్నట్టు ఒకటే హోరు. ఆ రహస్య సంఖ్యనే కీ అంటారు. ఇక్కడి నుంచి మనమూ ఆ మాటే వాడుకుందాం.

నెదర్లాండ్స్‌లో పుట్టి ఫ్రాన్సులో భాషలు బోధించిన ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే ఆయన 1883లోనే ఒక సూత్రం చెప్పాడు. యంత్రం, పద్ధతి శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది లేనట్టుగా ఏర్పాటు ఉండాలి, రహస్యమంతా కీలోనే ఉండాలి అన్నది దాని సారం. యుద్ధంలో యంత్రాలు దొరకకుండా ఉండవు. వేల సంఖ్యలో తయారైన యంత్రాన్ని మార్చడానికి ఏళ్లు పడుతుంది. కీని రోజూ మార్చొచ్చు.

వినడానికి తేలిగ్గా ఉంది. చిక్కంతా ఆ 'రోజూ' అన్న మాటలోనే ఉంది.

కాగితం మీద కీలు

ఒక సేనలో వెయ్యి రేడియోలున్నాయి. కొన్ని ఓడల్లో, కొన్ని విమానాల్లో, కొన్ని అడవిలో నడిచే జవాన్ల వీపుల మీద. అన్నిట్లోకీ ఒకే రోజు, ఒకే గంటకు, ఒకే కీ చేరాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ రేడియో మూగబోతుంది. దారిలో ఒక్క కాగితం పోయినా వెయ్యి రేడియోల మాటా బయటపడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ నౌకాదళం ఎనిగ్మా యంత్రాల రోజువారీ అమరికలను నీటిలో కరిగిపోయే సిరాతో అచ్చువేయించింది. ఓడ మునిగితే కాగితం ఖాళీ అవుతుంది. మంచి ఉపాయమే. కానీ 1941 మే 9న బ్రిటిష్ యుద్ధనౌక బుల్‌డాగ్ నావికులు యు-110 అనే జర్మన్ జలాంతర్గామిలోకి, అది మునగకముందే, దిగగలిగారు. యంత్రంతోపాటు పత్రాలూ పొడిగానే దొరికాయి.

యుద్ధం తర్వాత అమెరికాలో టెలిప్రింటర్ సందేశాల కోసం కేడబ్ల్యూ-26 అనే యంత్రం వచ్చింది. దాని కీ చిల్లులు పొడిచిన ఒక కార్డు. వాడిన కార్డును తీయడానికి యంత్రం తలుపు తెరిస్తే చాలు, అది రెండు ముక్కలుగా తెగిపోయేది. ఒకసారి వాడిన కీ మళ్లీ పనికిరాకుండా యంత్రమే చూసుకునేది. దీన్ని ఆలోచించిన ఇంజనీరు మనుషుల సంగతి బాగా తెలిసినవాడై ఉండాలి.

మాటను దాచడం అంతకంటే కష్టమైంది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్లు నెస్టర్ అనే కుటుంబానికి చెందిన సుమారు 30,000 పరికరాలు తయారుచేశారు. వాహనాలకూ ఓడలకూ ఒక రకం, విమానాలకు ఒకటి, వీపున మోయడానికి ఇంకొకటి. అచ్చయిన జాబితా చూసి రోజువారీ కీని చేత్తో అమర్చాలి. రేడియో ఒక బరువు, ఈ పెట్టె దానిమీద మరో బరువు, పైగా అక్కడి ఎండ, తేమ. చాలామంది సైనికులు దాన్ని శిబిరంలో వదిలేసి మామూలు రేడియోలోనే మాట్లాడుకున్నారు. 'మన ఇంగ్లీషు, మన యాస వాళ్లకేం అర్థమవుతాయిలే' అన్న ధీమా ఉండేది. 1969 డిసెంబరులో అమెరికన్ దళాలు శత్రువుల రేడియో నిఘా బృందం ఒకదాన్ని పట్టుకున్నాయి. వాళ్ల దగ్గర దొరికిన కాగితాల్లో అమెరికన్లు రేడియోలో మాట్లాడుకున్న మాటలు ఇంగ్లీషులోనే, చేతిరాతతో, వరుసగా ఉన్నాయి.

వాడటం కష్టమైతే ఎంత గొప్ప తాళమైనా జనం వెయ్యరు. కీ ఎక్కించే పని సులువు కావాలి, చూసి రాసే పని పోవాలి అన్న ఆలోచనలోంచే మన పెట్టెలు పుట్టాయి.

లాగే టేపు, తిప్పే మీట

1970ల నుంచి బాగా వాడుకలోకి వచ్చిన వాటిలో రెండింటి పేర్లు కేఓఐ-18, కేవైకే-13. పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు, పనితనం చాలా తేలిక.

కీలు చిల్లులు పొడిచిన టేపు రూపంలో వచ్చేవి. టేపు ఒక ప్లాస్టిక్ డబ్బాలో చుట్టి ఉంటుంది. ఏ రోజు వాడాల్సిన ముక్క ఏదో దానిమీద ఉంటుంది. అది కాగితం, ప్లాస్టిక్ పొరలు కలిపి చేసిన టేపు. డబ్బా సన్నటి నోట్లోంచి ఇవాళ్టి ముక్కను బయటికి లాగి చింపాలి. లాగిన ముక్కను గుర్తు తెలియకుండా మళ్లీ లోపలికి దోపడం కష్టం కాబట్టి, ఎవరైనా రేపటి ముక్కను ముందే తీసి చూస్తే దొరికిపోతారు.

కేఓఐ-18 ఆ టేపును చదివే సాధనం. మోటారు లేదు, చక్రాలు లేవు. ఒక సందులో టేపు కొస దూర్చి, అవతలి వైపు నుంచి చేత్తో ఒకే ఊపున లాగాలి. చిల్లులను వెలుతురు ద్వారా చదివి, తీగ వెంట కీని పంపేస్తుంది. తనలో ఏమీ దాచుకోదు. దారిలో పోగొట్టుకున్నా కీ పోయినట్టు కాదు.

కేవైకే-13 దాచుకుంటుంది. ఇంచుమించు పెద్ద సబ్బుపెట్టె అంత. బ్యాటరీతో పనిచేస్తుంది. లోపల ఆరు గదులు, ఒక్కోదానిలో ఒక్కో కీ. పైన రెండు తిప్పే మీటలు, ఒక నొక్కుడు మీట, ఒక చిన్న దీపం, రెండు చివర్ల గుండ్రటి ఆరు పిన్నుల కనెక్టర్లు. తెర లేదు, అంకెల పలక లేదు. లోపలున్న కీ ఏమిటో మోసేవాడికి కూడా కనిపించదు. నెస్టర్ కాలంలో సైనికుడు కీని చదివి అమర్చాల్సి వచ్చేది. ఇక్కడ అతని కళ్లు పక్కకు తప్పుకున్నాయి, చేతులు మాత్రమే మిగిలాయి.

పని ఇలా సాగేది. తెల్లవారకముందే సంకేతాల గదిలో బాధ్యుడు టేపు ముక్కను లాగి, కేఓఐ-18 ద్వారా కేవైకే-13లో ఒకటో గదిలోకి ఎక్కిస్తాడు. దీపం మిణుక్కుమంటే సరిగ్గా చేరినట్టు. సాయంత్రం క్యాష్ సరిచూసుకున్నట్టు కీలోని అంకెలను అదే సరిచూసుకుంటుంది. తర్వాత వాడిన టేపును నాశనం చేసి, ఎప్పుడు, ఎవరి సమక్షంలో చేశారో రాసి సంతకాలు పెడతారు. ఇక పెట్టె పట్టుకుని రేడియోల దగ్గరికి బయలుదేరతాడు. ఒక్కోదానికి తగిలించడం, గది ఎంచుకోవడం, మీట నొక్కడం, దీపం చూడటం, తర్వాతిదానికి వెళ్లడం. వాన పడుతున్నా, చీకట్లో అయినా, చేతి తొడుగులు వేసుకుని కూడా చేయగలిగినంత సులువు.

విన్సన్ రేడియో పెట్టెలోనూ ఆరు గదులు ఉండేవి. అయిదింట్లో మాటలకు వాడే కీలు. ఆరోదానిలో ఉండే కీ ప్రత్యేకమైనది, దాని సంగతికి మళ్లీ వస్తాను.

కేవైకే-13లో ఒక పెద్ద లోపం ఉంది. అది బేరర్ చెక్కులాంటిది. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. లోపలి కీలకు వేరే రక్షణ లేదు, ఎవరు వాడారో లెక్క రాసుకునే తెలివి కూడా దానికి లేదు. అందుకే మీటల మీద జడ్ అనే గుర్తు పెట్టారు. జీరోకు ఇంగ్లీషులో మొదటి అక్షరం. అక్కడికి తిప్పితే ఒక గది గానీ, ఆరు గదులూ గానీ తుడిచిపెట్టుకుపోతాయి. చుట్టుముట్టబడ్డ సైనికుడికి కాగితాలు కాల్చే వ్యవధి లేకపోయినా మీట తిప్పే వ్యవధి ఉంటుంది. రేడియోల మీదా అలాంటి మీటే ఉంటుంది.

ఆ వ్యవధి ఎంత విలువైనదో 2001 ఏప్రిల్ 1న తెలిసింది. చైనా యుద్ధవిమానంతో ఢీకొన్న ఒక అమెరికన్ నిఘా విమానం 24 మంది సిబ్బందితో హైనాన్ ద్వీపంలో దిగాల్సి వచ్చింది. చైనా సైనికులు దగ్గరికి వచ్చేలోపు లోపలివాళ్లు గొడ్డలితో పరికరాలను పగలగొట్టారు, కంప్యూటర్ల మీద వేడి కాఫీ పోశారు. కాఫీ పోయమని ఏ నిబంధనల పుస్తకమూ చెప్పి ఉండదు.

రిజిస్టరు రాసేవాడే దొంగైతే

1968 జనవరి 23న ఉత్తర కొరియా సేనలు ప్యూబ్లో అనే అమెరికన్ గూఢచారి నౌకను పట్టుకున్నాయి. సిబ్బందిలో ఒకరు చనిపోయారు, 82 మందిని పదకొండు నెలలు నిర్బంధించారు. ఆ నౌక ఇప్పటికీ ప్యాంగ్యాంగ్‌లో ప్రదర్శనకు ఉంది. అందులోని రహస్య సందేశాల యంత్రాలు చెక్కుచెదరకుండా దొరికిపోయాయి. అమెరికన్లు పెద్దగా బెదరలేదు. కెర్కాఫ్స్ చెప్పింది గుర్తుందిగా, యంత్రం పోతే పోయింది, రేపటి కీలు వాళ్ల దగ్గర లేవు కదా.

వాళ్లకు తెలియనిది ఏమిటంటే, అంతకు కొద్ది నెలల ముందే, 1967 చివర్లో, జాన్ వాకర్ అనే సొంత నౌకాదళ వారంట్ ఆఫీసరు వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయంలోకి నడుచుకుంటూ వెళ్లి కీల జాబితాలు అమ్ముతానని చెప్పాడు. తాళం ఒక దారిన, తాళంచెవి మరో దారిన ఒకే ఇంటికి చేరాయి.

వాకర్ అప్పుల్లో ఉన్నాడు. నడిపిన బారు నష్టాల్లో ఉంది. పని మాత్రం తేలిక. కీల జాబితాలు తన అధీనంలోనే ఉండేవి, చేతిలో పట్టే మినాక్స్ కెమెరాతో ఫొటోలు తీసి తిరిగి అల్మరాలో పెట్టేసేవాడు. నయాగరా ఫాల్స్ అనే నౌకలో ఆయనే రహస్య సామగ్రికి కస్టోడియన్. రిజిస్టరు తీసుకోండి, తనిఖీ చేయండి, అన్నీ సరిగ్గా ఉంటాయి. డబ్బా సీలు చెక్కుచెదరలేదు, కాగితం పోలేదు, సంతకం తప్పలేదు. పోయింది కాపీ మాత్రమే, కాపీ పోతే ఏ రిజిస్టరుకూ తెలియదు. నగదుకీ కీకీ ఉన్న పెద్ద తేడా ఇదే. నోట్ల కట్ట పోతే సాయంత్రానికి తెలుస్తుంది.

1976లో ఉద్యోగ విరమణ చేశాక కూడా ఆయన ఆగలేదు. అప్పటికే జెర్రీ విట్‌వర్త్ అనే నౌకాదళ రేడియో ఉద్యోగిని చేర్చుకున్నాడు. తర్వాత సొంత అన్న ఆర్థర్‌ను, నౌకాదళంలో చేరిన కొడుకు మైకేల్‌ను కూడా దింపాడు. ఆర్మీలో పనిచేసిన కూతుర్ని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. చివరికి 1984లో ఎఫ్‌బీఐకి ఫోన్ చేసి చెప్పింది మాజీ భార్య. కొడుకు కూడా ఇందులో ఉన్నాడని అప్పటికి ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్ని కాదని తర్వాత అంది. 1985 మే 20న వాకర్ అరెస్టయ్యాడు. విట్‌వర్త్‌కు 365 ఏళ్ల శిక్ష పడింది. కొడుకు 2000లో విడుదలయ్యాడు. వాకర్, ఆర్థర్ ఇద్దరూ 2014లో ఖైదులోనే చనిపోయారు. పదిహేడేళ్లలో సోవియట్లు పది లక్షలకు పైగా అమెరికన్ సందేశాలు చదవగలిగారని అంచనా. అదృష్టవశాత్తూ ఆ కాలంలో రెండు దేశాల మధ్య యుద్ధం రాలేదు.

ఈ దెబ్బతో రెండు మార్పులు వేగం పుంజుకున్నాయి. అత్యంత రహస్యమైన కీల దగ్గరికి ఒక్కరే వెళ్లకూడదన్న ఇద్దరి నిబంధన గట్టిపడింది. కాగితం కీలనే వీలైనంత వరకు తీసేయాలన్న నిర్ణయం బలపడింది.

ఇద్దరి నిబంధన గురించి మన పాఠకులకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఇద్దరు అధికారులు. లాకరుకు బ్యాంకు తాళంచెవి ఒకటి, ఖాతాదారుది ఒకటి. అయితే ఏటీఎంలో కూడా ఒక సైనిక రేడియో దాగి ఉందని ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు. మీరు నొక్కిన పిన్‌ను బ్యాంకుకు పంపేముందు యంత్రం దాన్ని ఒక కీతో మారుస్తుంది. అన్నిటికీ మూలమైన కీ మొదట ఆ యంత్రంలోకి చేరాలి కదా. పాత పద్ధతిలో దాన్ని రెండు భాగాలుగా, వేర్వేరు సీలు కవర్లలో ఇద్దరు అధికారులకు పంపుతారు. ఒకరు తన భాగాన్ని కొట్టి పక్కకు తప్పుకుంటారు, రెండోవారు వచ్చి తనది కొడతారు. యంత్రం లోపల రెండూ కలిసి అసలు కీ తయారవుతుంది. సరిచూసుకోవడానికి తెర మీద ఒక చిన్న విలువ కనిపిస్తుంది.

పైన చేసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. 4829 ఒకరి దగ్గర, 6175 ఇంకొకరి దగ్గర ఉంటే అసలు కీ 0994. మొదటివారికి తన భాగం తెలిసినంత మాత్రాన అసలు కీలో ఒక్క అంకె కూడా తెలిసినట్టు కాదు, రెండో భాగం ఏదైనా కావచ్చు కాబట్టి. కీని మధ్యకు విరిచి చెరో సగం ఇస్తే ఈ భద్రత ఉండదు, సగం తెలిసిపోయినట్టే. ఇక ఏటీఎం అంకెల పలకను ఎవరైనా పీకబోతే అది తనలోని కీలను తుడిచేసుకుంటుంది. దుకాణాల్లోని కార్డు స్వైపింగ్ యంత్రమూ అంతే. కేవైకే-13 మీటను సైనికుడు తిప్పాలి, ఇది తనంతట తానే తిప్పుకుంటుంది.

కవరులో వెళ్లే కీ

1990ల్లో కేవైకే-13 స్థానంలోకి సీవైజెడ్-10 వచ్చింది. సైనికులు ముద్దుగా క్రేజీ టెన్ అన్నారు. దీనికి తెర, అంకెల పలక ఉన్నాయి, వెయ్యి కీల దాకా పడతాయి, ఎవరు ఏం చేశారో లెక్క రాసుకుంటుంది. ముఖ్యంగా, తాళంచెవి ఆకారంలోనే ఉన్న ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టి తిప్పితే గానీ పనిచేయదు. పెట్టె ఒకరి దగ్గర, ముక్క ఇంకొకరి దగ్గర ఉంచవచ్చు. లాకరు పద్ధతే. 2000ల్లో సింపుల్ కీ లోడర్ అనే మరో పరికరం వచ్చింది. అది విండోస్ సీఈతో నడిచే, దెబ్బలకు ఓర్చే చేతి కంప్యూటరు. అయిదు లక్షల కీలు పడతాయని చెబుతారు. ఆరు గదుల నుంచి అయిదు లక్షలకు చేరడం చూస్తే, ఒక సేన ఎన్ని రకాల రేడియోలు మోస్తోందో ఊహించుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద మార్పు కీ ప్రయాణించే తీరులో వచ్చింది. కీని మరో కీతో మార్చి పంపడం మొదలైంది. అంటే చెక్కును బేరర్‌గా కాకుండా క్రాస్ చేసి పంపడం. దారిలో ఎవరు తీసుకున్నా నగదు చేసుకోలేరు. విన్సన్ ఆరో గదిలో ఉండేది ఆ రెండో రకం కీయే. అది ముందే లోపల ఉంటే, రేపటి కీని మార్చిన రూపంలో రేడియో ద్వారానే పంపవచ్చు. సముద్రం మధ్యలో ఉన్న ఓడకు పెట్టె పట్టుకుని ఎవరూ వెళ్లక్కర్లేదు. ఒక రేడియో శత్రువుకు చిక్కిందని తెలిస్తే, దాన్ని వదిలేసి మిగతావాటికి కొత్త కీ పంపేయవచ్చు. మొట్టమొదటి కీ మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు చేత్తో తీసుకెళ్లి ఎక్కించాలి. అందుకే ఇన్నేళ్ల తర్వాతా ఈ పెట్టెలు పోలేదు.

మన దేశానికి వస్తే, ఈ విషయం ఒకసారి అంతర్జాతీయ ఒప్పందం దాకా వెళ్లింది. మన వాయుసేనకు 2011లో సీ-130జే రవాణా విమానాలు, నౌకాదళానికి 2013లో పీ-8ఐ నిఘా విమానాలు అమెరికా నుంచి రావడం మొదలైంది. పీ-8ఐలు ముందుగా చేరింది తమిళనాడులోని అరక్కోణం స్థావరానికి. అయితే అమెరికా తన సైన్యం వాడే రహస్య సంభాషణ పరికరాలను వాటిలో ఉంచి ఇవ్వలేదు. కీల నిర్వహణపై ప్రత్యేక ఒప్పందం లేని దేశానికి వాటిని ఇవ్వకపోవడం వాళ్ల పద్ధతి. వాటి బదులు మార్కెట్లో దొరికే పరికరాలు అమర్చారు. పీ-8ఐలో డేటా లింక్ వ్యవస్థను మన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థే అందించింది. కోట్లు పోసి కొన్న విమానం, పక్కనే ఎగిరే అదే రకం అమెరికన్ విమానంతో రహస్యంగా మాట్లాడలేని పరిస్థితి.

2018 సెప్టెంబరు 6న న్యూఢిల్లీలో కామ్‌కాసా అనే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అప్పటి మన రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్, విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్. దానితో ఆ పరికరాలు మనకు ఇవ్వడానికి అడ్డు తొలగింది. అంతకుముందు ఏళ్ల తరబడి చర్చ జరిగింది, అది న్యాయమైన చర్చే. ఇతర దేశం ఇచ్చిన పెట్టెలో, వాళ్ల ఏర్పాట్ల ప్రకారం వచ్చిన కీతో మాట్లాడితే, ఆ మాట వాళ్లకు వినిపించదని నమ్మకం ఏమిటి? అందుకే మన సేనల సొంత సంభాషణకు దేశంలో తయారైన గూఢలిపి మీదే ఆధారపడాలన్న వాదన బలంగా ఉంది. డీఆర్‌డీఓకు చెందిన సైంటిఫిక్ అనాలిసిస్ గ్రూప్ ఆ శాస్త్రం మీద పనిచేస్తుంది. రక్షణ దళాలకు ఇలాంటి పరికరాలు తయారుచేసే సంస్థల్లో మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఒకటి. కామ్‌కాసా గడువు పదేళ్లు. 2028లో దాన్ని పొడిగించే సమయానికి ఈ ప్రశ్న మళ్లీ పత్రికల్లోకి రావచ్చు.